నీతి లేని పుస్తకం కావాలి

పోయిన ఎండాకాలం మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద రోజూ సాయంత్రం ఒక కాలక్షేపం నడిచేది. కథ చెప్పేది మా అక్క కూతురు. పదేళ్ళు. సెలవులకని నా దగ్గరికి వచ్చింది. వినేది మా వాచ్‌మన్ కొడుకు. పదకొండేళ్ళు, సర్కారు బడిలో ఆరో తరగతికి వచ్చాడు. దానికి ఇంగ్లీషు పుస్తకం మంచినీళ్ళ ప్రాయం, తెలుగు మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంది. వాడు తెలుగు గడగడా చదివేస్తాడు. వాడి బడి పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. వాడి కళ్ళెప్పుడూ తెలుగు పేజీ మీదే.

మా పిల్ల చదువుతున్న పుస్తకం రోషణి చోక్షి రాసిన ‘ఆరు షా అండ్ ది ఎండ్ ఆఫ్ టైమ్’. 2018లో అమెరికాలో వచ్చింది. అట్లాంటాలో ఒక మ్యూజియంలో వాళ్ళమ్మతో ఉండే పన్నెండేళ్ళ పిల్ల, క్లాసు పిల్లల ముందు గొప్పలు పోయి, వెలిగించకూడని దీపం ఒకటి వెలిగిస్తుంది. అంతే, చుట్టూ కాలం ఆగిపోతుంది. లేవకూడనివాడు నిద్ర లేస్తాడు. తనలో పాండవుల అంశ ఉందని ఆ పిల్లకి అప్పుడు తెలుస్తుంది. దారి చూపించడానికి ఒక పావురం వస్తుంది, ఆ పావురానికి నోటిదురుసు ఎక్కువ. మా పిల్ల పగలంతా చదివింది సాయంత్రానికి తెలుగులోకి దించి చెప్పేది. సరిగ్గా ప్రమాదం దగ్గరికి వచ్చేసరికి “మిగతాది రేపు” అని లేచి వచ్చేసేది. దానికి ఆ విద్య ఎవరూ నేర్పలేదు.

ఒకరోజు వాడు ఆ పుస్తకం అడిగి తీసుకున్నాడు. అట్ట చూశాడు, నాలుగు పేజీలు తిప్పాడు, మూసి నా చేతికిచ్చాడు. “ఆంటీ, గిది తెలుగుల లేదా?”

లేదన్నాను.

“గిదే కాకున్నా, గిసొంటిది?”

ఆ రెండో ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్ళుగా తెలుగు పుస్తకాలు కొంటున్నాను, వాటి మీద రాస్తున్నాను, సభలకి వెళ్తున్నాను. పదకొండేళ్ళ తెలుగు చదువరి చేతిలో పెట్టడానికి ఒక్క పుస్తకం పేరు వెంటనే నోటికి రాలేదు.

మర్నాడు పుస్తకాల షాపుకి వెళ్ళి తొమ్మిది పుస్తకాలు తెచ్చాను. మళ్ళీ పంచతంత్రం. మళ్ళీ తెనాలి రామకృష్ణుడు. ఇద్దరు మహనీయుల జీవితచరిత్రలు, రెండిట్లోనూ హీరో చిన్నప్పటినుంచే మహనీయుడు. చెట్టు ఏడిస్తే కట్టెలు కొట్టేవాడి మనసు మారిపోయే కథలు. చివర గళ్ళ డబ్బాలో ‘నీతి’ అని అచ్చేసిన రెండేసి పేజీల కథల సంపుటాలు. మా పిల్ల ఒకటి తీసి, నా మీద గౌరవంతో సగం దాకా కూడబలుక్కుని చదివి, పక్కన పెట్టింది. “పిన్నీ, ఇది హోంవర్క్.” వాడు ఒక్క మధ్యాహ్నంలో నాలుగు పుస్తకాలు చదివేశాడు. వాడు మర్యాదస్తుడు. “మంచిగనే ఉన్నయ్ ఆంటీ. జల్దీ ఒడుస్తున్నయ్.”

తెలుగు బాలసాహిత్యం మీద నేను విన్న విమర్శల్లో ఇంత సూటిగా ఉన్నవి తక్కువ. ఒకటి, అవి హోంవర్కు. రెండు, అవి వెంటనే అయిపోతాయి.

రెండోది ముందు తీసుకుందాం. ఇంగ్లీషు ప్రచురణ వాళ్ళు ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లల పుస్తకాలకి ‘మిడిల్ గ్రేడ్’ అని పేరు పెట్టుకున్నారు. పేరు మార్కెట్‌ది కావచ్చు, వయసు మాత్రం నిజమైనది. బొమ్మల పుస్తకం చిన్నదైపోయి, పెద్దల నవల ఇంకా కొరుకుడు పడని కాలం అది. ఆ నాలుగైదేళ్ళలోనే మనిషి చదువరి అవుతాడు, లేకపోతే కాడు. అందుకు కావలసింది పొడుగు పుస్తకం. రెండు వందల, మూడు వందల పేజీల పుస్తకం. నిన్న ఎక్కడ ఆపామో ఇవాళ అక్కడ మొదలుపెట్టేది, అన్నం తింటూ ‘వాడు గుహలోంచి బయటపడతాడా’ అని ఆలోచించేట్టు చేసేది. రెండు పేజీల కథలు వెయ్యి చదివినా ఆ దమ్ము రాదు. గల్లీలో వంద అడుగులు వెయ్యిసార్లు నడిచినవాడికి తిరుమల మెట్లెక్కే అలవాటు వస్తుందా?

ఆ పొడుగు పుస్తకం తేలికపాటి ఫాంటసీ సాహసం అయితే మరీ మంచిది. ‘తేలిక’ అన్నందుకు చులకన చేయకండి. ఆ తేలికదనం వెనక గట్టి లెక్క ఉంటుంది. అధ్యాయం చిన్నదిగా ఉండాలి, తలుపు తెరుచుకునే చోట ఆగాలి. భయం ఉండాలి, కానీ దీపం ఆర్పేసి పడుకోగలిగినంతే. భయం ముదిరిన చోట ఒక తిక్క పావురమో, నత్తి మాంత్రికుడో వచ్చి నవ్వించాలి. మంత్రానికి ఒక నియమం ఉండాలి, ఒక ఖర్చు ఉండాలి. ఏ మంత్రమైనా ఎప్పుడైనా పనిచేస్తే కథలో ప్రమాదమే ఉండదని పిల్లలకి మనకంటే బాగా తెలుసు. అన్నిటికంటే ముఖ్యం, పెద్దవాళ్ళని మొదటి పాతిక పేజీల్లోనే కథలోంచి పంపించెయ్యాలి. నిర్ణయాలు పిల్లలు తీసుకోవాలి, తప్పులు వాళ్ళే చెయ్యాలి. ఇదంతా కుదిర్చి రాయడం, ఒక మధ్యతరగతి మగవాడు వర్షం చూస్తూ పాత ప్రేమ తలుచుకునే కథ రాయడం కంటే చాలా కష్టం. రెండోది మనవాళ్ళు నెలకి పాతిక రాస్తున్నారు.

ఇక హోంవర్కు సంగతి. రిక్ రియోర్డన్ పెర్సీ జాక్సన్ కథ ఎలా పుట్టిందో ఆయనే చాలాసార్లు చెప్పాడు. ఆయన కొడుక్కి చదవడం కష్టం, కుదురుగా కూర్చోవడం కష్టం. డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ. రాత్రిపూట గ్రీకు పురాణ కథలు చెప్పేవాడు. పాత కథలు అయిపోయాయి, వాడు ఇంకా అడిగాడు. అప్పుడు, అక్షరాలు కుదురుగా నిలబడని, బళ్ళో కుదురుగా కూర్చోలేని కుర్రాడొకడు నిజానికి దేవుడి కొడుకని ఒక కొత్త కథ కల్పించాడు. 2005లో ‘ది లైట్‌నింగ్ థీఫ్’గా వచ్చింది. అందులో ‘చదువులో వెనకబడ్డవారిని చిన్నచూపు చూడరాదు’ అని ఎక్కడా నీతి డబ్బా లేదు. అయినా బళ్ళో మొద్దు అనిపించుకున్న ఎందరో పిల్లలు ఆ పుస్తకం మూసేసరికి ఇంకో రెండంగుళాలు నిటారుగా నిలబడి ఉంటారు. పాఠం చెప్పి ఉంటే ఆ పని జరిగేది కాదు. పాఠం వాళ్ళకి బడి చెబుతూనే ఉంది.

మన దగ్గర పిల్లల పుస్తకం ఏ రూపంలో వచ్చినా ముందు ఒక ప్రశ్న ఎదురవుతుంది: “ఇందులో పిల్లలు నేర్చుకునేదేమిటి?” పోటీ ప్రకటనల్లో అదే, ముందుమాటల్లో అదే, ఆవిష్కరణ సభల్లో అదే. మన నవలలకి ఆ ప్రశ్న వేస్తే ఒప్పుకుంటామా? ‘ఈ నవల చదివి గుమాస్తాలు ఏం నేర్చుకుంటారు’ అని సమీక్ష రాస్తే రచయిత ఊరుకుంటాడా? సాహిత్యం అంటే అనుభవమనీ, అద్దమనీ, ప్రశ్న అనీ మనకోసం ఎన్ని నిర్వచనాలో. పిల్లల దగ్గరికి వచ్చేసరికి అది విటమిను మాత్ర.

మన సంప్రదాయం అలాంటిదే అనుకుంటే అదీ అబద్ధం. మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీ మజిలీ కథలు’ గుర్తుందా? యతి ఒకాయన కాశీకి కాలినడకన బయల్దేరతాడు. తోడు కావాలి. ఒక పశువుల కాపరి కుర్రాడు వస్తానంటాడు, కానీ ఒక షరతు. ప్రతి మజిలీలోనూ తను అడిగినదాని గురించి కథ చెప్పాలి. కథ లేకపోతే నడక లేదు. ఎంత న్యాయమైన ఒప్పందం! పుణ్యం యతిది, కథ కుర్రాడిది. ఆ ఒప్పందంలో నీతి అనే మాట లేదు. ‘పాతాళభైరవి’ కథకి మూలం ఆ మజిలీల్లో ఒకటే. 1951లో ఆ సినిమా తీసిన విజయా వారి నాగిరెడ్డి, చక్రపాణులే 1947లో చందమామ మొదలుపెట్టారు. పిల్లలకి ఏం కావాలో వాళ్ళకి తెలుసు.

ఆ చందమామలో 1954లో ‘తోకచుక్క’ మొదలైంది. తర్వాత మకరదేవత, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, మాయాసరోవరం... ఒక్కొక్కటీ నెలల తరబడి సాగిన నవల. ప్రతి నెలా ప్రమాదం అంచున ఆగేది. చిత్రా బొమ్మల్లో మొసళ్ళూ మాంత్రికులూ పేజీలోంచి ముందుకు పడుతున్నట్టుండేవారు. ఇవన్నీ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు ఆ సీరియల్స్ మీద ఎప్పుడూ వెయ్యలేదు. ఆయన అర్ధ శతాబ్దానికి పైగా ఆ పత్రికలో పనిచేసి 2010లో పోయారు. లక్షలమందికి నవల చదవడం నేర్పిన మనిషి పేరు, ఆ లక్షలమందికి చాలాకాలం తెలియదు. తెలుగు నవలా చరిత్రలు తిరగెయ్యండి, ఆయనకి ఎన్ని పేజీలిచ్చారో చూడండి. ఈ జానర్‌కి మనమిచ్చిన విలువ అక్కడ తెలుస్తుంది.

“మాయలూ మంత్రాలూ మూఢనమ్మకాలు పెంచవా?” అని కొందరు అభ్యుదయవాదులు అడుగుతారు. వాళ్ళకి ఒక్క పేరు చెబితే చాలు: కొడవటిగంటి కుటుంబరావు. ‘చదువు’ నవల రాసిన మనిషి, మార్క్సిస్టు, సైన్సు వ్యాసాలు రాసిన మనిషి. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామని దిద్దింది ఆయనే. భేతాళుడూ రాక్షసులూ ఆయన బల్ల మీదుగానే అచ్చుకి వెళ్ళారు. ఆయన హేతువాదం దాని వల్ల అరిగిపోలేదు. మాయాసరోవరం చదివిన పిల్లాడికి హంస మాట్లాడదని తెలుసు. తెలిసే కాసేపు మాట్లాడనిస్తాడు. కల్పనని కల్పనగా అనుభవించడం వచ్చినవాడే రేపు వాట్సాప్‌లో వచ్చిన కట్టుకథని కట్టుకథగా పట్టుకుంటాడు. కథకీ నిజానికీ తేడా తెలియనివాళ్ళు ఎక్కువ మాయాసరోవరాలు చదవడం వల్ల అలా తయారయ్యారంటే నేను నమ్మను.

“ఈ కాలం పిల్లలు ఫోన్లు వదిలితే కదా” అనేది ఇంకో మాట. మా మెట్ల దగ్గరికి రండి. ఫోను ఉన్న పిల్ల, ఫోను కోసం తండ్రి చేతుల వైపు చూసే పిల్లాడు, ఇద్దరూ గంటసేపు కదలకుండా కూర్చున్నారు. కథ దొరికింది కాబట్టి కూర్చున్నారు. దొరకని చోట ఫోను చూస్తున్నారు. నేరం ఫోను మీద వేస్తే మన చేతులు శుభ్రంగా ఉంటాయి, అంతే.

నేను మాత్రం పాత పద్ధతిలోనే తప్పించుకుందామనుకున్నాను. “మా చందమామ” ఉంది కదా! ‘మాయాసరోవరం’ ప్రింటు తీసి, ఇద్దర్నీ కూర్చోబెట్టి పైకి చదివాను. వాడు మొదటిరోజే పడిపోయాడు. సిద్ధసాధకుడు వచ్చినప్పుడల్లా మోకాళ్ళ మీదికి లేచేవాడు. మా పిల్ల కూడా నవ్వింది, భయపడింది, “రేపు ఎన్నింటికి?” అంది. మూడోరోజు మాత్రం మధ్యలో ఆపి అడిగింది: “పిన్నీ, రాజుగారి పిల్లల్ని వెతకడానికి వెళ్ళేవాళ్ళంతా అబ్బాయిలే. అమ్మాయి ఎప్పుడు బయల్దేరుతుంది?”

బయల్దేరదు. దాని చేతిలోని అమెరికా పుస్తకంలో పాండవులే ఆడపిల్లలై పుట్టారు. ఒకరు ఇంద్రుడి కూతురు, ఒకరు యముడి కూతురు. మన పాత సీరియల్స్‌లో అమ్మాయి రాకుమారి అయితే ఎత్తుకుపోతారు, ముసలిది అయితే మంత్రగత్తె. అడవిలో ఉండేవాళ్ళు చాలాసార్లు నరబలికి సిద్ధంగా ఉంటారు. దాసరిగారిని ఇవాళ్టి కొలతతో తిట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన తన కాలంలో ఒంటిచేత్తో చెయ్యాల్సిన పని చేశాడు. కానీ ఆ తర్వాత మనమేం చేశాం? పాత సంచికల పీడీఎఫ్‌లు పోగేశాం, ఆ బొమ్మల్ని ఫేస్‌బుక్‌లో పెట్టి “ఆ రోజులే వేరు” అని రాసుకున్నాం. చందమామ మూతపడి పదేళ్ళు దాటింది. దానికి మనం పెట్టిన తద్దినాలకి లెక్క లేదు, దానికి పుట్టాల్సిన పిల్లల సంగతే ఎవరూ తలవలేదు. ఈ నాస్టాల్జియా కూడా నీతి డబ్బా లాంటిదే. రెండిట్లోనూ పిల్లల మాట వినపడదు.

‘ఎవరూ’ అన్నది కొంచెం అన్యాయం. తానా, మంచి పుస్తకం కలిసి ఈ వయసు పిల్లల కోసం నవలలు రాయించి అచ్చువేశాయి. అక్కడక్కడా కొందరు ఒంటరిగా ప్రయత్నిస్తున్నారు. వాటి మీద మన వెబ్ పత్రికల్లో ఎన్ని సమీక్షలొచ్చాయి? ఒక కవితా సంకలనం వస్తే నెలలో నాలుగు వ్యాసాలు రాస్తాం. పిల్లల నవల వస్తే “అభినందనలు” అని ఒక కామెంటు. సమీక్ష లేని చోట జానర్ పెరగదు. బాగా రాయనిదాన్ని బాగాలేదని చెప్పేవాళ్ళు కూడా ఉండాలి.

బెంగాల్ వైపు ఒకసారి చూడండి. ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి 1913లో ‘సందేశ్’ అనే పిల్లల పత్రిక పెట్టాడు. గూపీ, బాఘాల కథ అందులోనే వచ్చింది. కొడుకు సుకుమార్ రాయ్ దాన్ని తలకెత్తుకున్నాడు. ఆగిపోయిన ఆ పత్రికని మనవడు సత్యజిత్ రాయ్, కవి సుభాష్ ముఖోపాధ్యాయ్ కలిసి 1961లో మళ్ళీ లేపారు. అప్పటికే ‘పథేర్ పాంచాలి’తో ప్రపంచమంతా పేరున్న మనిషి, కూర్చుని పిల్లల కోసం ప్రొఫెసర్ శొంకు, ఫెలూదా కథలు రాశాడు. తాత కథని 1969లో సినిమా తీశాడు. అది తన స్థాయికి తక్కువ అనుకోలేదు. మన దగ్గర పేరున్న కథకుల్ని “పిల్లల నవల రాయరాదూ” అని అడిగి చూడండి. “రిటైరయ్యాక చూద్దాం” అంటారు. తొమ్మిదేళ్ళ పిల్లాడి మనసు మీద వందల కథలు రాసినవాళ్ళున్నారు మనలో. ఆ కథలన్నీ పెద్దవాళ్ళ కోసం. పిల్లాడు మనకి వస్తువు, పాఠకుడు కాడు.

ఫాంటసీకి డబ్బు లేదని మాత్రం అనకండి. ‘మగధీర’కీ, ‘బాహుబలి’కీ టికెట్ల కోసం కొట్టుకున్న జాతి మనది. రాజ్యాలూ శాపాలూ కత్తులూ పెద్దవాళ్ళకి తెర నిండా కావాలి. అదే సరుకు పదేళ్ళ పిల్లకి పుస్తకంలో ఇమ్మంటే “ఇందులో నేర్చుకునేదేమిటి?”

ఇందులో నష్టం ఎవరిదో స్పష్టంగా చెప్పుకోవాలి. మా అక్క కూతురికి ఏమీ కాదు. దానికి రియోర్డన్ ఉన్నాడు, హ్యారీ పోటర్ ఉన్నాడు, మహాభారతం కూడా అట్లాంటా మీదుగా వచ్చి చేరుతుంది. తెలుగు పోతుంది, అది వేరే దుఃఖం. దానికి చదువు పోదు. వాడికి ఆ రెండో దారి లేదు. గడగడా చదవడం వచ్చి, చదవాలని ఆకలి పుట్టి, చదవడానికి ఏమీ లేకుండా వాడు ఆ నాలుగైదేళ్ళూ దాటేస్తాడు. పదమూడు నిండాక మనం శ్రీశ్రీని ఇస్తామంటాం, రావిశాస్త్రిని ఇస్తామంటాం. అప్పటికి వాడు తలుపు వేసుకుని వెళ్ళిపోయి ఉంటాడు. “తెలుగులో పాఠకులు తగ్గిపోతున్నారు” అని మనం ఇంకో వ్యాసం రాసుకుంటాం.

కాబట్టి ఇది చదువుతున్న కథకులకి, ముఖ్యంగా ముప్పై దాటనివాళ్ళకి, సూటిగా ఒక మాట. మీ తర్వాతి కథాసంపుటం రెండేళ్ళు ఆగినా ఏమీ కాదు. ఒక పొడుగాటి, గమ్మత్తైన, తిక్క పుస్తకం రాయండి. పాలమూరు గుట్టల్లోనో, కొల్లేట్లోనో, మెట్రో పిల్లర్ల కిందో ఒక తలుపు తెరవండి. అందులోంచి వెళ్ళేవాళ్ళలో వాచ్‌మన్ కొడుకు ఉండాలి, వాడు ఎవరి నమ్మిన బంటుగానో కాకుండా తనకోసం తను వెళ్ళాలి. అమ్మాయి ముందు నడవాలి. వాడి భాషలో వాడు మాట్లాడాలి, “గిదేంది” అన్నందుకు నవ్వులపాలు కాకూడదు. మాంత్రికుడికి ఒక మంచి జోకు ఇవ్వండి. చివర గళ్ళ డబ్బా వద్దు. ప్రచురణకర్తలూ, బొమ్మలు వేయించండి, ధర వాడి తండ్రి జేబుకి అందేట్టు పెట్టండి. విమర్శకులూ, వచ్చినదాన్ని నవలగా తీసుకుని సమీక్షించండి.

జూన్‌లో బడులు తెరిచారు. మా పిల్ల వెళ్ళిపోయింది. ఆరు షా కథ ఇంకా నాలుగు అధ్యాయాలు మిగిలి ఉండగానే వెళ్ళింది. ఆ వారం వాడు తలుపు కొట్టాడు. మిగతాది నన్ను చెప్పమన్నాడు. నేను పుస్తకం తీసుకుని మెట్ల మీద కూర్చున్నాను. ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చూసుకుంటూ తెలుగులో చెబుతూ పోయాను. రెండు సాయంత్రాల్లో అయిపోయింది.

“ఇంకోటి ఉందా?” అన్నాడు.

దాని తర్వాతి భాగాలు నాలుగున్నాయి. నాలుగూ ఇంగ్లీషులోనే.